నల్లరేగడిలో పుట్టిన రేసుకారు

2022 డిసెంబరు 29న కొరిశపాడు, రేణంగివరం మధ్య పదహారో నంబరు జాతీయ రహదారి మీద లారీలు, బస్సులు పక్కదారి పట్టాయి. సుఖోయ్, తేజస్ యుద్ధ విమానాలు రోడ్డు మీదికి దిగబోతున్నంత కిందికి వచ్చి, చక్రాలు ఆనించకుండానే మళ్లీ పైకి లేచాయి. అత్యవసర వేళల్లో విమానాలు దిగడానికని అక్కడ 4.1 కిలోమీటర్ల పొడవున, 33 మీటర్ల వెడల్పున సిమెంటు పట్టీ వేశారు. ఇలాంటిదే ఇంకొకటి సింగరాయకొండ దగ్గర కూడా తలపెట్టారు కాబట్టి ఆ చుట్టుపక్కల వాళ్లకు రోడ్డు మీద విమానం అన్న మాట కొత్తేమీ కాదు.

రోడ్డు రన్‌వే కావడం ఈ మధ్య సంగతి. అదే రోడ్డు పట్టుకుని సింగరాయకొండ నుంచి దక్షిణంగా కావలి, నెల్లూరు, నాయుడుపేట దాటి రెండువందల కిలోమీటర్ల పైచిలుకు పోతే, రన్‌వే రేసుట్రాక్ అయిన ఊరొకటి వస్తుంది. మద్రాసు ఇంకాస్త దూరం ఉందనగా, రెడ్‌హిల్స్‌కు ముందు తగిలే షోలవరం. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల పట్టీ అది. యుద్ధం ముగిశాక విమానాలు పోయాయి, పట్టీ మిగిలింది. 1953లో పుట్టిన మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్ దశాబ్దాల పాటు అక్కడ పందేలు నడిపింది. డబ్బున్నవాళ్లు విదేశాల నుంచి తెప్పించుకున్న రేసుకార్లు అక్కడే పరుగెత్తాయి. విజయ్ మాల్యా 1980లలో ఎన్‌సైన్ ఫార్ములా వన్ కారు తోలింది కూడా ఆ పట్టీ మీదే. ఆ కార్ల పక్కనే ఫియట్లు, హెరాల్డులు విప్పి, బరువు తగ్గించి, కార్బురేటర్లు మార్చి తెచ్చుకున్న కుర్రాళ్లూ ఉండేవాళ్లు. వాళ్ల చేతుల్లో పనితనం ఉంది, కళ్లల్లో ఆశ ఉంది, కింద ఉన్నది మాత్రం కుటుంబాలను పెళ్లిళ్లకు తీసుకెళ్లడానికి తయారుచేసిన బరువైన బండి.

ఈ రెండు రకాల జనానికీ మధ్యన ఉన్న ఖాళీని చూసి, దాన్ని పూడ్చడానికి పూనుకున్నవాడు సుందరం కరివర్ధన్. కోయంబత్తూరు వాడు. 1954లో పుట్టాడు. అక్కడి లక్ష్మీ మిల్స్‌ను 1910లో స్థాపించిన జి.కుప్పుస్వామి నాయుడి కుటుంబం అతనిది. విజయనగర, నాయకరాజుల కాలంలో తెలుగు నేల విడిచి దక్షిణానికి పోయి, నల్లరేగడి కనిపించిన చోట ఆగి పత్తి వేసుకున్న రైతుల వంశాలే ఈ నాయుళ్లవి. తరాలు గడిచాయి, బయట తమిళం, ఇంట్లో తెలుగు. ఊరు మారినా పంట మారలేదు.

1988లో కరివర్ధన్ ఒక కారు గీశాడు. ఒక్క మనిషి కూర్చునే కారు. పైన కప్పు లేదు, చక్రాలు బయటికే ఉంటాయి. ఇనుప గొట్టాల చట్రం, దాని మీద పల్చటి తొడుగు. ఇంజను ఏ ఇటలీ నుంచో, ఇంగ్లండు నుంచో రాలేదు. 1983 డిసెంబరులో రోడ్డెక్కి, అప్పటికే ఊరూరా తిరుగుతున్న మారుతి 800లోని 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజనే అది. ఫార్ములా ఇండియా సింగిల్ సీటర్ మారుతి ఇంజన్ అన్నది అసలు పేరు. జనం నోట ఫార్ములా మారుతి అయింది.

ఆ ఒక్క నిర్ణయంలో ఎంత ఆలోచన ఉందో నిదానంగా చూడాలి.

దిగుమతి రేసుకారులో ఒక గేరుపన్ను విరిగితే ఆ సీజను అక్కడితో సరి. విదేశానికి ఉత్తరం రాయాలి, సుంకం కట్టాలి, నెలలు ఆగాలి. మారుతి సామాను ఏ జిల్లా కేంద్రంలోనైనా దొరుకుతుంది. ఆ ఇంజనును విప్పి బిగించగలిగే మేస్త్రి ప్రతి బస్తీలో ఉంటాడు. పైగా అందరి కార్లలోనూ అదే ఇంజను కాబట్టి ఎక్కువ డబ్బు పెట్టి ఎక్కువ ఇంజను కొనుక్కునే దారి లేదు. గెలుపు తోలేవాడి చేతికి, సర్దేవాడి చెవికి వచ్చింది. కరివర్ధన్ అంతటితో ఆగలేదు. సొంతంగా కారు కొనే స్తోమత లేని కుర్రాళ్లకు తన కార్లను అద్దెకిచ్చాడు. కారును తయారుగా ఉంచడం అతని మనుషుల పని, వచ్చి తోలడం కుర్రాడి పని. రేసింగు అంటే రాజాగారి వినోదం అనుకునే దేశంలో ఇది చిన్న మార్పు కాదు.

ఆ కార్లలో మొదలుపెట్టిన వాళ్లలో నారాయణ్ కార్తికేయన్ ఒకడు. అతనిదీ కోయంబత్తూరే. తండ్రి జి.ఆర్.కార్తికేయన్ ర్యాలీల్లో పేరు తెచ్చుకున్న మనిషి. కొడుకు శ్రీపెరుంబుదూరు దగ్గరి ట్రాక్ మీద, ఫార్ములా మారుతిలో, మొట్టమొదటి పందెంలోనే బహుమతి మెట్టు ఎక్కాడు. 2005 మార్చిలో మెల్‌బోర్న్‌లో జోర్డాన్ జట్టు కారు తోలి ఫార్ములా వన్‌లో పాల్గొన్న తొలి భారతీయుడయ్యాడు. 2010లో ఫార్ములా వన్ చేరిన కరుణ్ చంధోక్ కూడా 2000లో ఫార్ములా మారుతితోనే అరంగేట్రం చేశాడు. ఇద్దరికీ అక్షరాభ్యాసం ఆ 796 సీసీ ఇంజను దగ్గరే జరిగింది.

వాళ్లు ఫార్ములా వన్‌కు ఎదగడం కరివర్ధన్ చూడలేదు. 1995లో విమాన ప్రమాదంలో చనిపోయాడు. నలభై ఒక్కేళ్లు. కోయంబత్తూరు శివార్లలో చెట్టిపాళయం దగ్గర ఇవాళ పందేలు జరిగే ట్రాక్‌కు అతని పేరే పెట్టారు, కారి మోటార్ స్పీడ్‌వే అని.

విప్పి చూసే అలవాటు

కరివర్ధన్ ఆకాశం నుంచి ఊడిపడలేదు. అతనికి ముందు ఆ ఊళ్లో జి.డి.నాయుడు ఉన్నాడు. గోపాలస్వామి దొరస్వామి నాయుడు. 1893లో కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో తెలుగు రైతు ఇంట పుట్టాడు. బడి చదువు తొలి తరగతుల్లోనే ఆగిపోయింది. కుర్రతనంలో ఒక ఇంగ్లీషు అధికారి తమ ఊరి మీదుగా రడ్జ్ మోటారు సైకిలు తోలుకుంటూ పోవడం చూశాడు. గుర్రం లేదు, ఎద్దు లేదు, బండి పోతోంది. ఆ యంత్రం లోపల ఏముందో చూడకుండా ఉండలేకపోయాడు. పొలం వదిలి కోయంబత్తూరులో ఒక హోటల్లో సర్వరుగా చేరాడు. కూడబెట్టిన డబ్బుతో, మూడు వందల రూపాయలకు ఆ మోటారు సైకిలునే కొన్నాడు. కొని, ఊరంతా తిరగలేదు. నట్టు నట్టూ విప్పి, మళ్లీ బిగించాడు.

తయారైన కారు కొనుక్కోవడానికీ, విడిభాగాల పెట్టె కొనుక్కుని కారు తయారు చేసుకోవడానికీ తేడా ఆ పనిలోనే ఉంది. విప్పినవాడికి బండి భయపెట్టదు. ఎక్కడ ఏ చప్పుడు వచ్చినా అది ఏ ముక్కదో చేతికి తెలుస్తుంది.

నాయుడు 1920లో పొల్లాచి, పళని మధ్య ఒక బస్సు నడిపాడు. అది పెరిగి పెరిగి యూనివర్సల్ మోటార్ సర్వీసు అయింది. 1937లో డి.బాలసుందరం నాయుడితో కలిసి దేశంలోనే తొలి ఎలక్ట్రిక్ మోటారు తయారు చేశాడు. 1952లో ఇద్దరు కూర్చునే చిన్న పెట్రోలు కారు తయారు చేసి ధర 2,000 రూపాయలన్నాడు. ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు. తయారీ ఆగిపోయింది.

దాని గురించి తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. 1952 అంటే మారుతి 800 రావడానికి ముప్ఫై ఒక్క ఏళ్లు ముందు. తేలికైన, చవకైన, ఊరి మేస్త్రి బాగుచేయగల కారు ఆనాడే రోడ్ల మీదికి వచ్చి ఉంటే, ఇక్కడ ఇంజన్లతో ప్రయోగాలు చేసే తరాలు రెండు ముందే తయారయ్యేవి. 1974లో నాయుడు కన్నుమూశాడు. ఆయన పేరు మీద కోయంబత్తూరు అవినాశి రోడ్డులో 2015లో కార్ల మ్యూజియం తెరిచారు. తెలుగు నేల నుంచి పోయేవాళ్లు ఊటీకి వెళ్లే దారిలో ఒక పూట దానికి కేటాయించడం మంచిది.

కోయంబత్తూరులోనే ఇవన్నీ ఎందుకు జరిగాయి? జవాబు పత్తిలో ఉంది. 1888లో రాబర్ట్ స్టేన్స్ అక్కడ తొలి నూలు మిల్లు పెట్టాడు. 1930లలో పైకారా జలవిద్యుత్తు రావడంతో మిల్లులు పుట్టగొడుగుల్లా లేచాయి. మిల్లుకు యంత్రం కావాలి, యంత్రానికి మరమ్మతు కావాలి, మరమ్మతుకు లేతు మిషను, పోతపోసే ఫౌండ్రీ కావాలి. బావులకు పంపుసెట్లు, పంపుసెట్లకు మోటార్లు. 1962లో లక్ష్మీ మెషిన్ వర్క్స్ వచ్చి నూలు మిల్లు యంత్రాలనే తయారు చేయడం మొదలెట్టింది. ఇన్ని చేతులు ఇనుముకు అలవాటుపడ్డ ఊళ్లో ఒక కుర్రాడు రేసుకారు గీస్తే, దాన్ని వెల్డింగు చేసేవాడు పక్క వీధిలోనే దొరికాడు.

గుంటూరు, ప్రకాశం మైదానాల్లోనూ అదే నల్లరేగడి, అదే పత్తి. జిన్నింగు మిల్లులు, చిలకలూరిపేట పక్క నూలు మిల్లులు ఉన్నాయి. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే చేతులు దేశమంతటికీ తెలుసు. ఒంగోలు, కందుకూరు షెడ్లలో ట్రాక్టరు ట్రక్కు చాసిస్ వెల్డింగు చేసేవాళ్లు, మిరప కల్లాలకు, పొగాకు బ్యారన్లకు కావలసిన ఇనుప సామాను అప్పటికప్పుడు తయారుచేసి ఇచ్చేవాళ్లు కోకొల్లలు. పనితనానికి ఏ లోటూ లేదు. బరువు మొయ్యడానికి బండి కట్టడం ఇక్కడి చేతులకు వెన్నతో పెట్టిన విద్య. బరువు తియ్యడానికి కట్టడం మాత్రం వేరే ఆలోచన.

ఒక్కో గుర్రానికి ఎన్ని కిలోలు

లెక్క కష్టమైనది కాదు. మారుతి 800 ఇంజను శక్తి దాదాపు 37 గుర్రాలు. కారు బరువు సుమారు 650 కిలోలు. ఒక్కో గుర్రం పదిహేడు కిలోలకు పైగా లాగాలి. అదే ఇంజనును 400 కిలోల చట్రంలో కూర్చోబెడితే ఒక్కో గుర్రానికి పదకొండు కిలోల లోపే. ఇంజనులో ఒక్క స్క్రూ తిప్పకుండా బండి కొత్త బండి అయిపోతుంది. లాభం వేగం దగ్గరే ఆగదు. తేలికైన బండికి బ్రేకు మీద భారం తక్కువ, మలుపులో టైరు మీద ఒత్తిడి తక్కువ, బేరింగులు ఎక్కువ కాలం వస్తాయి, పెట్రోలు తక్కువ తాగుతుంది. ఇంజను పెంచితే లాభం ఒక్క ఊపులోనే. బరువు తగ్గిస్తే ఊపులో, మలుపులో, ఆపడంలో మూడింట్లోనూ కనిపిస్తుంది.

ఈ సూత్రం మీద జీవితం పెట్టినవాడు ఇంగ్లండులోని కోలిన్ చాప్‌మన్. 1948లో పాత ఆస్టిన్ సెవెన్ కారును విప్పి మొదటి లోటస్ కట్టాడు. 1957లో లోటస్ సెవెన్ తెచ్చాడు. గొట్టాల చట్రం, అల్యూమినియం రేకులు, రెండు సీట్లు, తలుపుల్లేవు. బరువు 500 కిలోల దరిదాపు. ఆ రోజుల్లో ఇంగ్లండులో పూర్తయిన కారు కొంటే కొనుగోలు పన్ను ఉండేది, విడిభాగాలు కొంటే లేదు. అందుకని కంపెనీయే కారును ముక్కలుగా పెట్టెల్లో పెట్టి అమ్మింది. బిగించే విధానం రాసిస్తే పన్ను పడుతుందన్న నియమం వచ్చేసరికి, విప్పే విధానం రాసిచ్చారట. కొన్నవాళ్లు దాన్ని చివరి నుంచి మొదటికి చదువుకుని కారు బిగించుకున్నారు. రడ్జ్ విప్పిన నాయుడికి ఆ పుస్తకం ఇచ్చి ఉంటే ఎంత మురిసిపోయేవాడో.

1973లో పన్నుల పద్ధతి మారి ఆ వెసులుబాటు పోయింది. అదే ఏడాది కేటర్‌హామ్ అనే సంస్థ సెవెన్ హక్కులు కొనుక్కుంది. ఇప్పటికీ తయారు చేస్తూనే ఉంది. మన పాఠకులకు ఆసక్తి కలిగించే విషయం ఇంకొకటుంది. 2021లో వచ్చిన కేటర్‌హామ్ 170 బరువు 440 కిలోలు. అందులో ఉన్నది 660 సీసీ, మూడు సిలిండర్ల, టర్బో బిగించిన సుజుకి ఇంజను. ప్రపంచంలో తేలిక కార్లకు పెట్టింది పేరైన సంస్థ, చట్రానికి తగ్గ ఇంజను వెతుక్కుంటూ చిన్న సుజుకి దగ్గరికి వచ్చింది. కోయంబత్తూరులో కరివర్ధన్ 1988లోనే అదే సుజుకి ఇంటి మారుతి ఇంజనును ఎంచుకున్నాడు.

ఇంగ్లండులో ఈ పిచ్చి మామూలు ఇళ్లలోకీ పాకింది. 1996లో రాన్ ఛాంపియన్ అనే ఉపాధ్యాయుడు 250 పౌండ్లలో సొంత స్పోర్ట్స్ కారు కట్టుకోవడం మీద పుస్తకం రాశాడు. పాత ఫోర్డ్ ఎస్కార్ట్ ఒకటి తుక్కు ధరకు కొని, దాని ఇంజను, గేరుబాక్సు, ఇరుసు తీసి, ఇంట్లోనే వెల్డింగు చేసిన చట్రంలో పెట్టుకోవడమే అందులోని పద్ధతి. వేలమంది ఆ దారిన పోయారు.

మన దేశంలో ఆ దారిలో నడిచినవాళ్లు తక్కువే కానీ లేకపోలేదు. ముంబయి దగ్గర అలీబాగ్‌లో చింకారా మోటార్స్ లోటస్ సెవెన్ పోలికలతో రోడ్‌స్టర్ తయారు చేసింది. ఫైబర్ బాడీ, ఇసుజు 1.8 లీటర్ల ఇంజను. శాన్ మోటార్స్ 1990ల చివర్లో రెండు సీట్ల స్టార్మ్ తెచ్చింది. అదీ ఫైబర్ బాడీయే. రెండూ పెద్ద సంఖ్యలో అమ్ముడుపోలేదు. హైదరాబాదులో కన్యబోయిన సుధాకర్ దారి ఇంకొకటి. బహదూర్‌పురాలో 2010లో ఆయన పెట్టిన సుధా కార్స్ మ్యూజియంలో బూటు ఆకారంలో, క్రికెట్ బంతి ఆకారంలో, కంప్యూటర్ ఆకారంలో నడిచే కార్లున్నాయి. తుక్కులోంచి ఏరుకున్న సామానుతో, చేత్తో చేసినవి. 2005లో 41 అడుగుల 7 అంగుళాల ఎత్తున్న మూడు చక్రాల సైకిలు తొక్కి గిన్నిస్ పుస్తకానికి ఎక్కాడు. పందెం కార్లు కావవి. అయినా పక్కనున్న జూపార్కుకు వచ్చిన పిల్లలు అక్కడ నిలబడి చూసేది, కారు మనిషి చేత్తో తయారవుతుందన్న సంగతి. షోరూములో అది కనబడదు.

గొట్టం, ఫైబరు, భూతీగ

ఇలాంటి కారు కట్టడం, కట్టినదాన్ని కాపాడుకోవడం గురించి పనివాళ్లు చెప్పే సంగతులు వినాలి.

చట్రంతో మొదలవుతుంది. నాలుగు గొట్టాలను చదరంగా అతికి ఒక మూల పట్టుకుని నొక్కితే వంకర పోతుంది. ఐమూలగా ఇంకో గొట్టం వేస్తే కదలదు. త్రికోణాల మీద త్రికోణాలు పేర్చుకుంటూ పోతే, సన్నటి గొట్టాలతోనే గట్టి చట్రం వస్తుంది. రేకుల షెడ్డుకు ట్రస్ కట్టిన ప్రతి వెల్డరుకూ ఇది తెలిసిందే. ట్రాక్టరు ట్రక్కు పనికి అలవాటుపడ్డ చెయ్యి ఇక్కడ ఒకటి మానుకోవాలి. బలం కోసం మందం పెంచడం. అనుమానం వచ్చిన ప్రతిచోటా ఒక పట్టీ అతికిస్తూ పోతే, చివరికి బరువు మళ్లీ మొదటికొస్తుంది.

బాడీ ఫైబరుతో చేస్తారు. అచ్చుకు మైనం రాసి, జెల్ కోటు వేసి, గాజుపోగుల మ్యాటు పరిచి, హార్డనరు కలిపిన రెసిను బ్రష్షుతో పట్టించి, గాలి బుడగలు లేకుండా రోలరుతో నొక్కుతారు. సింగరాయకొండకు కూతవేటు దూరంలో పాకల సముద్రతీరం ఉంది. అక్కడ మత్స్యకారులు వాడేవి ఫైబర్ పడవలే. ఒడ్డున గీసుకుపోయి పగిలిన పడవకు మ్యాటు వేసి రెసిను పూసే చెయ్యి, రేసుకారు ముక్కుకు పగులొస్తే దాన్నీ బాగుచేయగలదు. సామాను అదే, రసాయనం అదే. పగులును పైపైన పూడిస్తే నిలవదని, చుట్టూ వాలుగా అరగదీసి లోపలి వైపు నుంచి మ్యాటు వేయాలని పడవ పనివాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు.

కొత్తవాళ్లు తరచుగా తడబడేది కరెంటు దగ్గర. మామూలు కారులో బాడీ అంతా ఇనుము కాబట్టి, లైటుకు ఒక తీగ వేసి రెండోది బాడీకి తగిలిస్తే పని అయిపోతుంది. ఫైబరులో కరెంటు పారదు. ప్రతి లైటుకు, హారనుకు, మీటరుకు విడిగా భూతీగ లాగి చట్రానికో, బ్యాటరీకో కలపాలి. ఆ కలిపిన చోట తుప్పు పట్టిందంటే, లైటు వేస్తే మీటరు కదులుతుంది, హారను కొడితే లైటు మసకబారుతుంది. ఇంజను పాడైందనుకుని దాని మీద పడతారు. చూడవలసింది ఒక్క నట్టు.

ఇంజనును వెనక్కి మార్చిన బండికి వేడి పెద్ద సమస్య. రేడియేటరు ముందు, ఇంజను వెనక, మధ్యలో పొడవాటి పైపులు. ఆ పైపుల్లో గాలి చిక్కుకుంటే నీళ్లు తిరగవు. అందుకే గొట్టాల్లో అన్నిటికంటే ఎత్తైన చోట గాలి వదిలే స్క్రూ పెడతారు. రోహిణి కార్తెలో ఒంగోలు ఎండలో ఈ పని నిర్లక్ష్యం చేస్తే హెడ్ గాస్కెట్ పోతుంది.

స్ప్రింగుల సంగతి వేరు. ఆరువందల కిలోల కారుకు వేసిన స్ప్రింగులు నాలుగొందల కిలోల బండికి మరీ బిర్రుగా ఉంటాయి. టైరు రోడ్డును అంటిపెట్టుకోవడం మానేసి ఎగరడం మొదలుపెడుతుంది. మెత్తటి స్ప్రింగులు వేసి, నాలుగు చక్రాల కింద నాలుగు కాటాలు పెట్టి, ఏ చక్రం మీద ఎంత బరువు పడుతోందో చూసి సర్దుతారు. తోలేవాణ్ని సీట్లో కూర్చోబెట్టి మరీ తూస్తారు, ఎందుకంటే నాలుగొందల కిలోల బండిలో డెబ్బై కిలోల మనిషి చిన్న లెక్క కాదు.

ఇక రోజువారీ పని. సన్నటి చట్రంలో ఇంజను కుదుపంతా నట్లకే తగులుతుంది. బిగించిన ప్రతి ముఖ్యమైన నట్టు మీద, పక్కనున్న ఇనుము మీదికి వచ్చేలా ఒక రంగు గీత గీస్తారు. నట్టు కొంచెం తిరిగినా గీత తెగి కనిపిస్తుంది. ప్రతి పరుగు తర్వాత పానా పట్టుకునే ముందు కళ్లతో ఆ గీతలన్నీ చూడడం అలవాటు కావాలి. వెల్డింగు అతుకుల దగ్గర వెంట్రుకవాసి పగుళ్లున్నాయేమో వెతకాలి. సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పుగాలి గొట్టాల్లోకి పోయి లోపలి నుంచి తినేస్తుంది, పైరంగు చెక్కుచెదరదు. అందుకని గొట్టాల చివరలన్నీ మూసి అతుకుతారు, వేసిన ప్రతి బెజ్జాన్నీ పూడుస్తారు.

ఈ పనిలో ఒక సుఖముంది. ఇవాళ్టి కార్లలో బానెట్ ఎత్తితే నల్ల ప్లాస్టిక్ మూత కనిపిస్తుంది, దాని కింద ఏముందో చూడాలంటే కంప్యూటర్ తగిలించాలి. తేలిక కారులో ప్రతి ముక్కా కంటికి కనిపిస్తుంది, చేతికి అందుతుంది. పదహారేళ్ల పిల్లవాడు దాని పక్కన ఒక సెలవుల కాలం గడిపితే, బ్రేకు ఆయిలు ఎక్కడి నుంచి ఎక్కడికి పోతుందో, స్టీరింగు తిప్పితే చక్రం ఎందుకు వంగుతుందో జీవితాంతం మరిచిపోడు.

రోడ్డు మీద కాదు

ఇంత చెప్పాక ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇలాంటి బండిని మన దేశంలో ఎవరికి వారు కట్టుకుని రోడ్డెక్కించడానికి చట్టం ఒప్పుకోదు. రోడ్డు మీదికి వచ్చే ప్రతి నమూనానూ పుణెలోని ఏఆర్ఏఐ లాంటి పరీక్షా సంస్థ ఆమోదించాలి. ఒక్క కారు కట్టుకున్న మనిషికి ఆ ఖర్చు, ఆ తంతు అందనివి. ఉన్న కారును మార్చుకుందామన్నా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డుపడుతుంది. తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా మార్పులు చేయకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తేల్చిచెప్పింది. ఆమోదం పొందిన గ్యాస్ కిట్ బిగించడం, దివ్యాంగులకు అనువుగా మార్చడం లాంటి వాటికి మాత్రం నిబంధనల ప్రకారం అనుమతి ఉంది.

ఇంగ్లండులో ఒక్కో కారును విడిగా పరీక్షించి రోడ్డెక్కనిచ్చే పద్ధతి ఉంది. వెల్డింగు, బ్రేకులు, లైట్లు, సీటుబెల్టు, పొగ అన్నీ చూసి సరేనంటారు. అలాంటి దారి ఇక్కడా తెరిస్తే ఎన్నో షెడ్లు ప్రాణం పోసుకుంటాయి. నిబంధన సడలించమని కాదు, పరీక్షకు కూర్చునే అవకాశం ఇవ్వమని అడగడం న్యాయమైన కోరిక. జి.డి.నాయుడికి ఆనాడు దక్కనిదీ అదే.

అప్పటిదాకా మిగిలిన చోటు ట్రాక్. ఫార్ములా మారుతి పుట్టిందీ, బతికిందీ ట్రాక్ మీదే. షోలవరం తర్వాత 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గరి ఇరుంగాట్టుకోట్టైలో 3.7 కిలోమీటర్ల ట్రాక్ వచ్చింది. ఫార్ములా మారుతి తర్వాత కోయంబత్తూరు వాళ్లే, చెయిన్ల తయారీకి పేరుపొందిన ఎల్‌జీబీ సంస్థ అండతో ఫార్ములా ఎల్‌జీబీ కార్లు తెచ్చారు. అందులో 1.3 లీటర్ల మారుతి ఇంజను. కరివర్ధన్ వేసిన లెక్కే, కాస్త పెద్ద అంకెలతో. హైదరాబాదులో 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పందెం జరిగితే నగరం కదిలి వచ్చింది. ఆ రోజు గెలిచినవాడు ఫ్రాన్సుకు చెందిన జాన్ ఎరిక్ వెర్న్. ఆ సందడి ఒక్కరోజుది. గుంటూరు కుర్రాడు వారం వారం వెళ్లి నేర్చుకోగల ట్రాక్ ఆంధ్రప్రదేశ్‌లో ఉంటే, ఆ ఒక్కరోజు కంటే ఎక్కువ ఫలితం వస్తుంది.

ఇప్పటికి ఇక్కడి కుర్రాళ్లకు దగ్గరి దారి ఇంజినీరింగు కాలేజీ వర్క్‌షాపు. మట్టిదారి బండ్ల కోసం 2007 నుంచి బాజా పోటీలు, ఒంటి సీటు రేసుకార్ల కోసం ఫార్ములా స్టూడెంట్ తరహా పోటీలు జరుగుతున్నాయి. వాటిలో ఫార్ములా భారత్ జరిగేది కారి మోటార్ స్పీడ్‌వే మీదే. కారు మొత్తం విద్యార్థులే గీయాలి, కట్టాలి, ఖర్చు లెక్క చూపాలి, న్యాయనిర్ణేతల ముందు నిలబడి ప్రతి గొట్టం ఎందుకు వేశారో చెప్పాలి. అప్పు చేసి తెచ్చిన సామానుకైనా, అడిగి తెచ్చుకున్న సామానుకైనా ప్రశ్న ఒకటే.

ఆ తర్వాత పరీక్షలు. తోలేవాడు బెల్టులు విప్పుకుని ఐదు సెకన్లలో కారులోంచి బయటపడాలి. కారును బల్ల మీద కట్టి 60 డిగ్రీలు వంచుతారు, పెట్రోలుగానీ ఆయిలుగానీ చుక్క కారకూడదు. చివరిది బ్రేకు పరీక్ష. వేగం అందుకున్నాక పెడలు తొక్కితే నాలుగు చక్రాలూ ఒకేసారి బిగుసుకుపోవాలి. మూడే బిగుసుకుంటే కారును పక్కకు తోసుకొచ్చి, బ్రేకు పైపుల్లో గాలి తీసి, ముందు వెనకల పాళ్లు సర్ది మళ్లీ వరసలో నిలబడాలి. ఈ పరీక్ష పాసైతేగానీ పందెంలోకి దిగనివ్వరు. అది దాటలేక ఏడాది కష్టం ట్రాక్ పక్కనే మిగిలిపోయిన జట్లు ఉంటాయి. వాళ్లలో చాలామంది ఊరికి తిరిగెళ్లి, బ్రేకు సిలిండరు విప్పి, మరుసటి ఏడాది పోటీకి మళ్లీ వస్తారు.